పిరమిడ్ సరస్సులో ఒక రోజు: నీళ్ళలో నిచ్చెన వేసుకుని ట్రౌటు కోసం

గట్టుమీద
మార్చి 16, రాత్రి 9:40

శనివారం నెవాడాలోని పిరమిడ్ సరస్సుకు, ఫ్లై గాలంతో ట్రౌటు అనే చల్లనీటి చేపను పట్టడానికి వెళ్ళి వచ్చాను. మూడేళ్ళుగా వెళ్తున్నాను కానీ ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. ఈసారి రాయకపోతే మనసు ఊరుకోవడం లేదు.

శాక్రమెంటోలో రాత్రి ఒంటిగంటన్నరకు బయలుదేరాను. డానర్ కనుమ మీద రోడ్డుకు రెండు వైపులా మంచు గోడలా నిలిచి ఉంది, నడిమధ్య మాత్రం తడిగా, నల్లగా ఉంది. రెనో దాటాక ఇక చెట్టు కనబడదు. బోడి గుట్టలు, వాటి నిండా సేజ్ పొదలు. ఆఖరి మలుపు తిరిగేసరికి కింద చీకటి కంటే చిక్కగా ఏదో పరుచుకుని ఉంటుంది. తెల్లవారితే గానీ అది నీరని తెలియదు.

అయిదున్నరకు నిచ్చెన భుజాన వేసుకుని నీళ్ళలోకి దిగాను. కొత్తవారికి ఇది వింతగా ఉంటుంది కాబట్టి చెబుతాను. ఈ సరస్సులో ఒడ్డు నుంచి కొంత దూరం నేల మెల్లగా వాలుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా లోతుకు పడిపోతుంది. ట్రౌటు ఆ అంచు వెంబడే తిరుగుతుంది. అంచు దాకా నడిచి నడుము లోతు నీళ్ళలో గంటల తరబడి నిలబడితే కాళ్ళు కొయ్యబారిపోతాయి. అందుకే ఇక్కడ అందరూ మడత నిచ్చెనలు తెచ్చుకుని నీళ్ళలో నాటి, పై మెట్టు మీద నిలబడతారు. ఎత్తు ఉంటుంది కాబట్టి దారం దూరంగా పడుతుంది. తెల్లవారుతుంటే వరసగా నిచ్చెనల మీద మనుషులు, ఎవరూ మాట్లాడరు, రీళ్ళ చప్పుడు ఒక్కటే.

ఏడుంపావుకు బెండు కదిలింది. మునగలేదు. అలల మీద ఎగిరెగిరి పడుతున్నది ఉన్నట్టుండి పక్కకు ఒరిగి ఆగిపోయింది. కర్ర ఎత్తాను. అవతల రాయికి తగిలినంత బరువు. తర్వాత ఆ రాయి తల విదిలించింది. పది నిమిషాల పాటు దారం లాక్కుపోవడం, నేను చుట్టుకోవడం, మళ్ళీ లాక్కుపోవడం. నిచ్చెన దిగి, నీళ్ళలోనే వల కింద పెట్టి అందుకున్నాను.

26 అంగుళాలు ఉంది. దవడ కింద రెండు వైపులా ఎర్రటి గీత, కత్తితో గాటు పెట్టినట్టు. ఆ గీతను బట్టే ఈ జాతికి కట్‌త్రోట్ అని పేరు. వీపు ముదురు ఆకుపచ్చ, ఒంటి నిండా గుండ్రటి నల్ల చుక్కలు, తోక వైపు ఇంకా దట్టంగా. మొప్పల మూత మీది రంగు ఎలా చెప్పాలి? మసిబారిన రాగి బిందెను చింతపండుతో తోముతుంటే మొదట చెయ్యి పడిన చోట ఒక ఎర్రటి మెరుపు వస్తుందే, అది. గాలం వలలో తనంతట తానే ఊడి పడింది. తోక మొదలు ఒక చేత్తో, పొట్ట కింద ఇంకో చెయ్యి పెట్టి, అలకు ఎదురుగా పట్టుకున్నాను. మొప్పలు నాలుగైదుసార్లు ఆడాయి. తోక నా మణికట్టుకు తగిలింది, వెళ్ళిపోయింది.

ఆ తర్వాత సాయంత్రం నాలుగు దాకా ఒక్క చేప లేదు. మధ్యాహ్నం గాలి లేచాక అందరం ఒడ్డుకు వచ్చేశాం. తెల్ల గూడబాతులు బారులు తీరి సరస్సులోని అనహో దీవి వైపు పోతుంటే చూస్తూ కూర్చున్నాను. మాది కొల్లేటి పక్క ఊరు. ఆటపాకలో గూడబాతులను చూస్తూ పెరిగిన వాణ్ణి. అక్కడివి బూడిద రంగువి, ఇవి తెల్లవి, అయినా రెక్క విప్పే తీరు ఒక్కటే.

80 ఏళ్ళ కిందట ఈ చేప ఈ నీళ్ళలో లేదు. పూర్తిగా అంతరించిందనే అనుకున్నారు. అలాంటి చేప నా చేతిలో ఊపిరి పీల్చింది. అది చెప్పాలనే ఈ టపా.

మంజీర
మార్చి 16, రాత్రి 10:25

చదువుతుంటే చలి వేసింది! నాకు చేపలు పట్టడం గురించి ఏమీ తెలియదు, మా ఇంట్లో ఎవరూ చేపలు పట్టిన వారు కాదు. మేము శాన్ హోసేలో ఉంటాం. ఒకసారి వెళ్ళి చూడాలనిపిస్తోంది. ఫ్లై అంటే నిజంగా ఈగేనా? వానపామును ఎరగా పెట్టే గాలానికీ దీనికీ తేడా ఏమిటి? అనుమతి ఎవరి దగ్గర తీసుకోవాలి?

ట్రకీ తీరం
మార్చి 17, ఉదయం 6:50

మంజీర గారూ, నేను రెనోలో పదకొండేళ్ళుగా ఉంటున్నాను, ఈ సరస్సు నాకు పెరటి చెరువు లాంటిది. తెలిసినంత చెబుతాను.

ఫ్లై అంటే ఈగ కాదు, పురుగులా కనబడేలా కట్టిన ఎర. చిన్న గాలానికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి కడతారు. దానికి బరువు ఉండదు. మన ఊళ్ళలో గాలం వేసినప్పుడు సీసం గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఇందులో దారమే లావుగా, బరువుగా ఉంటుంది. కర్రను వెనక్కీ ముందుకూ ఆడిస్తే దారం గాలిలో మడత విప్పుకుంటూ పోతుంది, ఎర దాని కొసన పోయి వాలుతుంది. విసరడం అనకూడదు నిజానికి, దారాన్ని పరచడం అనాలి. ఒక ఆదివారం పార్కులో గడ్డి మీద సాధన చేస్తే చెయ్యి తిరుగుతుంది.

పిరమిడ్‌లో రెండు పద్ధతులు. మొదటిది గట్టుమీద గారు చేసింది: బెండు కట్టి, దాని కింద ఎనిమిది పది అడుగుల లోతున జలగ ఆకారపు ఎర, దానికి కొంచెం దిగువన దోమ పిల్ల పురుగు లాంటి చిన్న ఎర. కొద్దిగా అల ఉన్న రోజు ఇది బాగా పని చేస్తుంది, అలే ఎరను పైకీ కిందికీ ఆడిస్తుంది. రెండోది మునిగే దారంతో అడుగు దాకా దించి, చేత్తో జానెడు జానెడు లాగడం. దీనికి రెండు ఎరలు కడతాం. ముందుది బొచ్చు ఎర, వెనకది తేలే నురుగు ముక్కతో చేసిన పేడపురుగు ఆకారం. దారం నేలను రాసుకుంటూ వస్తుంటే వెనక ఎర మాత్రం నేలకు మూరెడు పైన తేలుతూ వస్తుంది. నాకు ఇదే ఇష్టం, ఎందుకంటే చేప తగిలిన దెబ్బ నేరుగా వేళ్ళకు తెలుస్తుంది. లాగడంలో తొందర వద్దు. లాగి, ఆగాలి. పది దెబ్బల్లో ఎనిమిది ఆగినప్పుడే పడతాయి.

అనుమతి సంగతి ముఖ్యం. సరస్సు మొత్తం పిరమిడ్ లేక్ పైయూట్ అనే ఆదివాసీ తెగ వారి రిజర్వేషన్‌లో, అంటే వారికి కేటాయించిన నేలలో ఉంది. నెవాడా రాష్ట్ర లైసెన్సు అక్కడ అక్కరలేదు, తెగ ఇచ్చే పర్మిట్టే కావాలి. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అక్టోబరు 1 నుంచి జూన్ 30 వరకే ట్రౌటు పట్టవచ్చు. నిజమైన ఎర పనికిరాదు, వానపాములు, రొయ్యలు ఏవీ కూడదు. గాలానికి ఎదురు ముల్లు ఉండకూడదు, ఉంటే పటకారుతో నొక్కేయాలి. ఉంచుకునే చేపల లెక్కకు, పొడవుకు హద్దులున్నాయి. పర్మిట్‌తో వచ్చే నిబంధనలు ప్రతి ఏడూ చదవండి.

గట్టుమీద గారూ, పోయిన వారం నేను తొమ్మిది గంటలు నిలబడితే ఒక్కటీ పడలేదు. 26 అంగుళాల చేప అంటే మంచి రోజే.

పెన్నా
మార్చి 17, మధ్యాహ్నం 1:15

గట్టుమీద గారూ, బాగా రాశారు. అయినా ఒక ప్రశ్న అడగాలి, నొచ్చుకోకండి. తినడానికి పట్టారంటే అర్థముంది. మా తాతగారు పెన్నలో పట్టేవారు, ఆ పూట ఇంటికి కూర అదే. మీరు పట్టి, పది నిమిషాలు పోరాడించి, చేతిలో పెట్టుకుని చూసి వదిలేశారు. ఆ పది నిమిషాలు దానికి ప్రాణ భయమే కదా. మన ఆనందం కోసం ఒక ప్రాణిని అలా అలసట పెట్టడం నాకు మింగుడు పడదు.

గట్టుమీద
మార్చి 17, సాయంత్రం 6:05

పెన్నా గారూ, నొచ్చుకోవడానికేమీ లేదు. ఈ ప్రశ్న నన్ను కూడా వదలలేదు.

దానికి బాధ లేదని నేను అనను. తగ్గించడానికి చేతనైనంత చేస్తాను. గట్టి దారం కడతాను, పోరాటం పొడిగించను. తడి చేతులతోనే ముట్టుకుంటాను, పొడి చెయ్యి దాని ఒంటి జిగురును ఊడదీస్తుంది. రబ్బరు వల వాడతాను. నీళ్ళలోంచి పైకి ఎత్తి ఫోటో తీయడం మానేశాను, అందుకే మీకు ఫోటో పెట్టలేదు. నీరు చల్లగా ఉన్నప్పుడే వెళ్తాను, చల్లటి నీటిలో ప్రాణవాయువు ఎక్కువ కాబట్టి చేప త్వరగా తేరుకుంటుంది.

ఇంత చేసినా మీ ప్రశ్న అక్కడే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఈ సరస్సు సంగతి వేరు. ఇక్కడి చేపను బతికించడానికి తెగ హేచరీలు, అంటే గుడ్లు పొదిగించి చేప పిల్లలను పెంచే కేంద్రాలు, నడుపుతోంది. మనం కొనే పర్మిట్ల డబ్బు వారి ఆదాయంలో భాగం. ఈ చేప కోసం వచ్చే మనుషులు లేకపోతే దీని గురించి పట్టించుకునే వారు ఇంకా తగ్గిపోయేవారని నా నమ్మకం.

కిన్నెరసాని
మార్చి 17, రాత్రి 8:30

నేను మంచినీటి చేపల మీద పని చేస్తాను, అందుకే ఈ చేప అంతరించి తిరిగి వచ్చిన కథ నేను చెప్పనివ్వండి. ఇది వివరంగా తెలియాలి.

పిరమిడ్ సరస్సుకు నీరు వచ్చే దారి ఉంది కానీ పోయే దారి లేదు. టాహో సరస్సులో పుట్టిన ట్రకీ నది నేరుగా వచ్చి ఇందులో కలిసి ఆగిపోతుంది. పూర్వం మంచుయుగం నాటి లాహోంటన్ అనే మహా సరస్సు ఎండిపోగా మిగిలిన ముక్క ఇది. అందుకే నీరు కొంచెం ఉప్పగా, క్షారంగా ఉంటుంది. సముద్రపు ఉప్పులో ఆరో వంతు. మామూలు ట్రౌటు ఇందులో తట్టుకోవడం కష్టం. లాహోంటన్ కట్‌త్రోట్ మాత్రం ఈ నీటికే పుట్టిన చేప. వసంతంలో గుడ్లు పెట్టడానికి ట్రకీ నది ఎక్కేది. 1844 జనవరిలో ఫ్రెమాంట్ అనే సైనిక అన్వేషకుడు ఇక్కడికి వచ్చినప్పుడు పైయూట్ ప్రజలు ఈ చేపలే తెచ్చి పెట్టారు. నీళ్ళలోంచి లేచిన కోసు బండను చూసి సరస్సుకు పిరమిడ్ అని పేరు పెట్టింది ఆయనే. అక్కడివారికి అంతకు ముందే దానికి తమ పేరు ఉంది, వారికీ ఒక పేరు ఉంది. క్వీ-వీ అనే మరో చేప పేరు మీద, ఆ చేపను తినేవారు అని వారు తమను తాము పిలుచుకుంటారు. క్వీ-వీ ప్రపంచంలో ఈ ఒక్క సరస్సులోనే ఉంది.

1905లో డెర్బీ ఆనకట్ట పూర్తయింది. ట్రకీ నీటిని కాలువలోకి మళ్ళించి ఫాలన్ వైపు పొలాలకు తీసుకుపోయారు. సరస్సు మట్టం ఏటేటా పడిపోయింది, 1967 నాటికి దాదాపు 80 అడుగులు. పక్కనే ఉన్న విన్నెముక్కా సరస్సు పూర్తిగా ఎండిపోయింది. నది మొగ దగ్గర ఇసుక మేట వేసి, చేప పైకి ఎక్కే దారి మూసుకుపోయింది. 1925లో జాన్ స్కిమ్మర్‌హార్న్ అనే పైయూట్ వ్యక్తి 41 పౌండ్ల కట్‌త్రోట్ పట్టాడు. ప్రపంచ రికార్డు, ఇప్పటికీ దాన్ని ఎవరూ దాటలేదు. అప్పటికే చేపకు చివరి రోజులు. 1940ల తొలినాళ్ళకు ఆ జాతి ఈ సరస్సులో ఒక్కటి కూడా మిగల్లేదు.

తర్వాత 1970ల్లో, ఇక్కడికి ఎంతో దూరాన నెవాడా, యూటా సరిహద్దులో పైలట్ పీక్ అనే కొండ మీద, ఒక అడుగు వెడల్పు వాగులో కట్‌త్రోట్లు కనబడ్డాయి. చేపలు లేని ఆ వాగులో ఎప్పుడో ఎవరో తెచ్చి వదిలినవి. మ్యూజియంలో దాచిన పాత పిరమిడ్ చేపల జన్యువులతో పోల్చి చూస్తే అవీ ఇవీ ఒకే వంశమని తేలింది. వాటి సంతతిని ప్రభుత్వ హేచరీలో పెంచి, 2006లో తిరిగి పిరమిడ్‌లో వదిలారు. కొన్నేళ్ళకే 20 పౌండ్లు దాటినవి పడ్డాయి. వాగులో జానెడు మించి పెరగని చేప, పూర్వీకుల నీళ్ళలో పడగానే పూర్వీకుల్లా పెరిగింది. ఇది చదివిన రోజు నేను ఏడ్చాను.

ధవళేశ్వరం
మార్చి 17, రాత్రి 11:10

కిన్నెరసాని గారూ, మీ టపా రెండుసార్లు చదివాను. చదువుతున్నంతసేపూ నా కళ్ళ ముందు ఉన్నది పులస.

సముద్రంలో ఉన్నంత కాలం దాని పేరు విలస. గోదావరికి ఎర్ర నీరు రాగానే ఎదురెక్కుతుంది, ఉప్పు విడిచి తీపి నీటికి అలవాటు పడుతూ వచ్చి పులస అవుతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న మాట అందరికీ తెలుసు. కానీ అది ఎందుకు వస్తుందో, ఎక్కడికి పోవాలని వస్తుందో తలచుకునేవారు తక్కువ. గుడ్లు పెట్టడానికే వస్తుంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట కట్టాడు, మా జిల్లాలు అన్నం తింటున్నాయంటే ఆయన వల్లే, ఇంటింటా ఆయన పటం ఉంది. నేను కూడా ఆ అన్నమే తిన్నాను. అయితే చేపకు దారి అక్కడితో ఆగింది. డెర్బీ ఆనకట్ట కింద పొలాలు పండించుకున్న రైతుకూ ఇలాంటి పటమే ఉండి ఉంటుంది. అటు పొలం, ఇటు చేప. నాకు రెండూ కావాలనిపిస్తుంది.

కిన్నెరసాని
మార్చి 18, ఉదయం 7:20

రెండూ కావాలనే అక్కడా ప్రయత్నిస్తున్నారు. నిక్సన్ ఊరి దగ్గర మార్బుల్ బ్లఫ్ ఆనకట్టలో చేపలు పైకి ఎక్కడానికి ఏర్పాటు ఉంది. డెర్బీ దగ్గర 2020లో పెద్ద జల్లెడ కట్టారు, నది వెంట కిందికి వచ్చే చేప పిల్లలు పొలాల కాలువలోకి కొట్టుకుపోకుండా. పొలానికి నీరు పోతుంది, చేప నదిలోనే ఉంటుంది. పులసకు ఇలాంటి దారి కట్టాలంటే దాని ఈత వేరు, వరద వేరు, లెక్కలన్నీ కొత్తగా కట్టాలి. కట్టాలనే నా కోరిక.

నీలగిరి బాట
మార్చి 18, ఉదయం 9:00

భారతదేశంలో ఉన్నవారికి ఒక మాట. నీలగిరులలో అవలాంచ్ దగ్గర వందేళ్ళు దాటిన ట్రౌటు హేచరీ ఉంది, ఆ పై చెరువుల్లో రెయిన్‌బో ట్రౌటు పెరుగుతోంది. కశ్మీరులో, హిమాచల్ తీర్థన్ లోయలో బ్రౌన్ ట్రౌటు ఉంది. అవన్నీ బయటి నుంచి తెచ్చినవి. సొంత నీళ్ళకు సొంత చేప తిరిగి రావడం అన్నది నేను ఇక్కడే వింటున్నాను.

ట్రకీ తీరం
మార్చి 18, రాత్రి 7:45

వెళ్ళాలనుకునేవారికి ఇంకో రెండు మాటలు.

గాలి. ఇక్కడ గాలి నిమిషాల్లో లేస్తుంది. ముందు రోజు వాతావరణ సూచన చూసి, గాలి హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి. నీళ్ళలో వేసుకునే రబ్బరు ప్యాంటుకు నడుము పట్టీ బిగించి కట్టాలి, పడిపోతే నీరు లోపలికి నిండకుండా. నిచ్చెన నాటాక ఒక్కో మెట్టు ఎక్కి కుదిపి చూడండి, ఇసుకలో ఒక కాలు దిగబడుతుంది.

రెండోది, అది వారి ఇల్లు. తూర్పు ఒడ్డున బుట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న స్త్రీలా ఒక రాతి ఆకారం ఉంది. విడిపోయిన బిడ్డల కోసం ఏడ్చిన తల్లి అని, ఆమె కన్నీరే ఈ సరస్సని పైయూట్‌లు చెబుతారు. అటు వైపు వెళ్ళడానికి మనకు అనుమతి లేదు. దూరం నుంచి దుర్భిణిలో చూశాను, చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. మూసిన చోటికి వెళ్ళకండి. దారం ముక్క కూడా ఒడ్డున వదలకండి, గూడబాతుల కాళ్ళకు చుట్టుకుంటుంది.

పెన్నా
మార్చి 19, మధ్యాహ్నం 12:40

అందరి మాటలూ చదివాను. చేపను తిరిగి తెచ్చినవారి కష్టానికి దండం పెడతాను. గాలం మాత్రం నేను పట్టలేను. కానీ అక్కడికి వచ్చి, పర్మిట్ కొని, ఒడ్డున కూర్చుని మీరు చెప్పిన గూడబాతులను చూడాలని ఉంది. అది కుదురుతుందా?

గట్టుమీద
మార్చి 19, సాయంత్రం 5:30

ఎందుకు కుదరదు పెన్నా గారూ. ఒక రోజు ఉండి చూడటానికి వేరే పర్మిట్ ఉంది. ఏప్రిల్ నెలాఖరున రండి. ఫ్లాస్కులో టీ నేను తెస్తాను.

ధవళేశ్వరం
ఏప్రిల్ 30, రాత్రి 10:15

మా నాన్నగారు ఊరి నుంచి వచ్చారు, ఆరు నెలలు ఉంటారు. వయసు 72. పడవ మీదే పెరిగిన మనిషి. ఫ్రీమాంట్‌లో అపార్ట్‌మెంటులో కూర్చోబెడితే దిగులు పడుతున్నారు. పిరమిడ్‌కు తీసుకెళ్ళాలని ఉంది. నిచ్చెన ఎక్కనివ్వలేను. ఒడ్డు నుంచే పట్టే చోటు ఉందా?

ట్రకీ తీరం
మే 1, ఉదయం 6:30

తప్పకుండా తీసుకురండి. లోతు అంచు ఒడ్డుకు దగ్గరగా వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి, అక్కడ మోకాలి లోతు కూడా దిగనక్కరలేదు. పెలికన్ పాయింట్ దగ్గర నేల చదును, కారు దగ్గర దాకా పోతుంది. వీపు ఆనించుకునే కుర్చీ ఒకటి తెచ్చుకోండి. పైయూట్‌లు నడిపే సట్‌క్లిఫ్ ఊరు దారిలోనే ఉంది, పెద్దవారికి కాసేపు అక్కడ ఆగితే బాగుంటుంది.

ధవళేశ్వరం
మే 12, రాత్రి 9:50

నిన్న వెళ్ళి వచ్చాం.

దిగగానే నాన్నగారు చెప్పులు విడిచి నీళ్ళ దగ్గరికి వెళ్ళారు. దోసిట్లో తీసుకుని, ఒక్క చుక్క నాలుక మీద వేసుకున్నారు. కాసేపు ఆలోచించి, "ఇది సముద్రమూ కాదు, ఏరూ కాదు. పోటు తిరిగే వేళ మొగ దగ్గర నీళ్ళు ఇలాగే ఉంటాయి," అన్నారు. కిన్నెరసాని గారు రాసిన ఆరో వంతు ఉప్పు ఆయన నాలుకకు తెలిసింది.

పదింటికి నాకు ఒకటి పడింది, 20 అంగుళాల లోపే. నాన్నగారు చేతులు తడుపుకుని ఆయనే అందుకున్నారు. పొట్ట కింద బొటనవేలు మెల్లగా ఆడించి, "గుడ్ల మీద ఉంది, వదిలెయ్యి," అన్నారు. నేను వదలబోతుంటే ఆపి, ఆయనే నీళ్ళలో వంగి, దాని తల అల వైపు తిప్పి పట్టుకున్నారు. ఎలా పట్టుకోవాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

తిరుగు దారిలో రెనో దాకా మాట్లాడలేదు. ఆ తర్వాత, డెర్బీ జల్లెడ ఎలా కట్టారో, ఎంత వెడల్పో అడిగారు. నాకు తెలిసింది చెప్పాను, మిగతాది మీ టపా చూపించాను.

జూన్ 30 వరకు ఉంది కదా, మళ్ళీ వెళ్దామంటున్నారు. ఈసారి నిచ్చెన ఎక్కుతానని పట్టు. గట్టుమీద గారూ, మీ దగ్గర నిచ్చెన ఇంకొకటి ఉంటుందా?

గట్టుమీద
మే 13, ఉదయం 5:55

ఉంది. మా అబ్బాయిది, వాడు కాలేజీకి వెళ్ళాక గరాజులో ఊరికే ఉంది. దాని కాళ్ళకు వెడల్పు పలకలు బిగించి ఉన్నాయి, ఇసుకలో దిగబడదు. మొదటి మెట్టు మీదే నిలబెడదాం, నేను పక్కన నీళ్ళలో ఉంటాను. శుక్రవారం రాత్రికి మా ఇంటికి వచ్చేయండి, ఇక్కడి నుంచి కలిసి బయలుదేరుదాం. పెన్నా గారు కూడా వస్తున్నారు. నాన్నగారికి ఉన్ని మేజోళ్ళు రెండు జతలు పెట్టండి.